మగ్గం గుంటలో డాషండ్

ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీకి నేల చదును చేస్తున్న ఏడాది, వానలు పడే ముందు, నన్ను పెనుకొండ నుంచి ధర్మవరం పశువుల ఆసుపత్రికి బదిలీ చేశారు. అంతకు ముందు హిందూపురంలోనూ పెనుకొండలోనూ వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా, అంటే ఊళ్లు తిరిగి గొర్రెలకూ ఆవులకూ వైద్యం చేసే డాక్టరుగా పనిచేశాను. ధర్మవరానికి అసిస్టెంట్ డైరెక్టర్‌గా వచ్చాను. హోదా పెరిగిందే కానీ చేతికి పేడ అంటడం తప్పలేదు.

అప్పటికే మా వైపు జాతి కుక్కల మోజు ముదిరింది. బెంగళూరు కొన్ని గంటల దూరమే కాబట్టి కూనలను సంచిలో పెట్టుకుని తెచ్చుకునేవారు. ఏ జాతిని ఏ పని కోసం తయారు చేశారో ఒక్కరూ అడిగేవారు కాదు. చలి సముద్రంలో జాలర్ల వలలు లాగడానికి పుట్టిన లాబ్రడార్‌ను హిందూపురంలో ఎర్రటి ఎండలో మిద్దె మీద కట్టేసేవారు. మందలు మళ్లించాల్సిన జర్మన్ షెపర్డ్ చిలమత్తూరులో, చుట్టూ అన్ని గొర్రెలు పెట్టుకుని, గేటు దగ్గర గొలుసుకు పడి ఉండేది. కసాయివాళ్ల పశువులను తోలిన రాట్‌వైలర్ సోఫా ఎక్కి లావెక్కేది. ఈ సంగతులు చెప్పబోతే, మేడమ్ మళ్లీ క్లాసు మొదలుపెట్టింది అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

ధర్మవరంలో చేరిన కొత్తలోనే ఒక ఉదయం రామసుబ్బయ్య శెట్టి అనే పట్టుచీరల వ్యాపారి డాషండ్ జాతికి చెందిన తన పొట్టికాళ్ల కుక్కను గంప కింద మూసి ఆటోలో తెచ్చాడు. దాని పేరు చింటూ. వెనకాలే ఆయన దగ్గర కూలికి నేసే వెంకటేశు కుంటుకుంటూ వచ్చాడు. పిక్కకు పసుపు అద్దిన గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

"దీనికి పిచ్చి పట్టిండాది మేడమ్," అన్నాడు శెట్టి. "మగ్గం గుంటలో చీకట్లో దూరుకోని బయటికి రాదు. కూడు ముట్టదు, మన్ను తింటాండాది. గొంతు బొంగురు పోయిండాది. ఇప్పుడు ఈయప్పను కరిసింది. సూదేసి పంపిచ్చేయండి."

అక్కడి నేతగాళ్లు నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేస్తారు. ఆ గుంటకు మొక్కనిదే కాలు పెట్టరు. వెంకటేశు కూడా రోజూలాగే గట్టును తాకి, కళ్లు మూసుకుని మొక్కి, అలాగే కాళ్లు దించాడు. లోపలున్న చింటూ వీపు మీద పాదం పడింది. అది పిక్క పట్టుకుంది.

శెట్టి మాట తీసిపారేయడానికి లేదు. చీకటికి పోవడం, తిండి మానడం, మన్ను కొరకడం, గొంతు మారడం, కరవడం. అన్నీ రేబిస్ లక్షణాలే. పైగా ఇంట్లో ఉండే కుక్కకు టీకా ఎందుకని వేయించలేదట. అయినా చంపే సూది వేయనన్నాను. కరిచిన కుక్కను పది రోజులు కట్టడిలో ఉంచి చూడాలన్నది మా నియమం. కరిచే నాటికే దాని లాలాజలంలో రేబిస్ క్రిమి ఉంటే ఆ పది రోజుల్లో రోగం బయటపడి కుక్క చస్తుంది. అప్పుడు మెదడు పరీక్షకు పంపుతాం. వెంకటేశు గాయాన్ని మా కుళాయి కిందే సబ్బుతో చాలాసేపు కడిగించి, టీకాల కోసం ప్రభుత్వాసుపత్రికి పంపాను. చింటూను బోనులో పెట్టించాను.

మధ్యాహ్నం శెట్టితో కలిసి ఆయన మగ్గాల షెడ్డుకు వెళ్లాను. డాషండ్‌ను జర్మనీలో బాడ్జర్ అనే బొరియ జంతువును వేటాడడానికి తయారు చేశారు. పొట్టి కాళ్లు, వెడల్పు ఛాతీ ఆ బొరియలో దూరడానికే. అంత చిన్న ఒంటికి అంత పెద్ద గొంతు ఎందుకంటే, అది నేల కింద మొరిగితే పైనున్న వేటగాడు విని అక్కడ తవ్వాలి. గుంటలోకి టార్చి వేసి చూస్తే గోడకు ఒక కన్నం, దాని చుట్టూ తాజా గోళ్ల గీతలు కనబడ్డాయి. తవ్వించాను. మురుగు కాలువ వైపు నుంచి వచ్చిన పందికొక్కు బొరియ అది. చివర గూట్లో ఎరుపు, ఆకుపచ్చ పట్టు పోగుల మీద పిల్లలు పడుకుని ఉన్నాయి. చింటూ మన్ను కొరికిందీ, మొరిగి మొరిగి గొంతు పోగొట్టుకుందీ వీటి కోసమే కాబోలు.

శెట్టి తల పట్టుకున్నాడు. "అయ్యో, ఇది దాని పని అది చేసుకుంటాండె! ఇంగ ఇంటికి తోలుకపోతా మేడమ్," అన్నాడు.

ఇవ్వనన్నాను. పొద్దున చంపమన్న మనిషి సాయంత్రానికి వదలమంటే వదలడానికి అది బోనులో ఉన్నది శెట్టి కోసం కాదు, వెంకటేశు కోసం. పందికొక్కు గూడు దొరికింది కాబట్టి వ్యాధి లేదని ఎవరు చెప్పారు? వేటాడే కుక్కకు రేబిస్ రాదని ఏ పుస్తకంలోనూ లేదు.

తర్వాతి రెండు రోజులూ చింటూ తిండి ముట్టలేదు. మూతి వాచింది. పందికొక్కు కొరికి ఉండవచ్చు. నోరు తెరిచి చూస్తే తెలిసిపోతుందని కాంపౌండర్ అన్నాడు కానీ అనుమానపు కుక్క నోట్లో నేను అతన్ని చేయి పెట్టనివ్వలేదు. నేనూ పెట్టలేదు. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. వెంకటేశు రోజూ వచ్చి బోనుకు దూరంగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

"అది సస్తే నేనూ సచ్చేదేనా మేడమ్?" అని అడిగాడు ఒకసారి.

టీకాలు తప్పకుండా వేయించుకుంటే నీకేమీ కాదని చెప్పాను. తలూపాడు. నమ్మినట్టు లేదు. ఆ మర్నాడు చింటూ పెరుగన్నం గిన్నె ఖాళీ చేస్తుంటే, ఆయన లేచి నిలబడి చూశాడు. "తిను నాయనా, తిను," అన్నాడు, తనను కరిచిన కుక్కతో.

గడువు ముగిసిన ఉదయం చింటూ బోనులోంచి దూకి, శెట్టి పిలుస్తున్నా వినకుండా ప్రహరీ పక్క కలుగు దగ్గరికి పరిగెత్తింది. దానికి అక్కడే టీకా వేసి పంపాను. వెంకటేశు నా దగ్గరికి వచ్చి, "ఈ పొద్దు నిద్రపోతా మేడమ్," అన్నాడు. మిగిలిన టీకా కూడా వేయించుకోవాలని గట్టిగా చెప్పి పంపాను.

కుక్కను ఏ పని కోసం తయారు చేశారో తెలిస్తే దాని చేష్టలు అర్థమవుతాయి. కానీ రోగం ఉందో లేదో అది చెప్పదు. అందుకు గడువు నిండేదాకా ఆగడమే మార్గం. మొదటి రోజు నేను శెట్టి మాట విని సూది వేసి పూడ్పించి ఉంటే, వెంకటేశు ఎన్ని టీకాలు వేయించుకున్నా, దాహమేసిన ప్రతిసారీ చెంబు ఎత్తి, రేబిస్ సోకినవాళ్లలా నీళ్లంటే తనకు భయం పుట్టిందేమోనని చూసుకుంటూ బతికేవాడు.