పనిలో అన్న ఎవరు

మా గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా, రంగూన్ స్టీమర్లు గోపాల్‌పూర్‌లో ఆగే రోజులవి. అలాంటి స్టీమరులోనే వచ్చిన ఒక ముసలి చైనా వడ్రంగి సముద్రం దగ్గర షెడ్డు వేసుకుని, దొరల బంగళాలకు కుర్చీలు, బీరువాలు చేసేవాడు. స్కూలు ఫైనల్ తప్పిన మా తమ్ముడు అతని దగ్గర పనికి కుదిరి మూడేళ్లయింది. నేను పాసైనవాణ్ణి. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి, అడక్కపోయినా.

అలాంటి నన్ను గుమస్తాగా పెట్టుకున్న బరంపురం బట్టల కొట్టు మూతపడింది. నాలుగు నెలలు ఖాళీగా కూర్చున్నాను. నా భార్యకు నెలలు నిండాయి, ఇంట్లో బియ్యం అడుగంటాయి. షెడ్డులో ఒక మనిషి కావాలని తమ్ముడు చెప్పగానే, చేతిపని నాకేమిటి అనే మాట మింగేసి వాడితో ఎద్దుబండి ఎక్కాను.

దారిపొడుగునా వాడు నాకు చైనా మాటలు నేర్పాడు. పనివాళ్లు అక్కడ ఒకే ఇంటివాళ్లలా పిలుచుకుంటారట. పని నేర్పే గురువు సీఫూ. పనిలో తమ్ముడు సీడాయ్. రెండుసార్లు చెప్పించుకునేసరికి నాకు నోటికొచ్చేశాయి. నా జ్ఞాపకశక్తి అలాంటిది మరి.

"మరి అన్ననేటంటారు?" అని అడిగాను.

"అది నీకక్కర్లేదులే అన్నయ్యా," అని వాడు ఎద్దుల వైపు చూశాడు.

నిజమే, నాకెందుకు? పెద్దవాణ్ణి నేనే కదా, వాళ్లే నన్నలా పిలుస్తారనుకున్నాను.

షెడ్డులో అడుగు పెట్టగానే చేతులు జోడించి "సీఫూ" అన్నాను. ముసలాయన ముఖం విప్పారింది. ఆ ఊపులో తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "వీడు నా సీడాయ్" అన్నాను.

ఆయన చేతిలో చిత్రిక ఆగిపోయింది. పనివాళ్లు ఇద్దరు తలలెత్తి చూశారు. రంగూన్‌లో మనవాళ్ల దగ్గర పట్టుకున్న తెలుగులో ఆయన నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు ఇయ్యాల వచ్చినావు. అతను మూడేళ్లు ముందు. ముందు వచ్చినోడు అన్న. వయసు గుమ్మం బయట వదిలెయ్యి. సీహింగ్ అని పిలు. లేకపోతే ఎల్లు."

తమ్ముడి ముఖం పాలిపోయింది. "తప్పు నాది సీఫూ. నేనే సెప్పలేదు. మా ఇంట్లో అన్నయ్యే పెద్ద," అన్నాడు. ముసలాయన గుమ్మం చూపించాడు.

నాకు ఒళ్లు మండింది. నేను చెయ్యి పట్టుకుని నడిపించినవాణ్ణి, నేను అక్షరాలు దిద్దించినవాణ్ణి ఇప్పుడు 'అన్నా' అని పిలవాలా? విసురుగా గుమ్మం దాకా వెళ్లాను కూడా. అక్కడ ఇంట్లోని బియ్యం డబ్బా గుర్తొచ్చింది. బండి మీద వాడు ఎద్దుల వైపు ఎందుకు చూశాడో కూడా అప్పుడే అర్థమైంది. మూడేళ్లు చెమటోడ్చి సంపాదించుకున్న పెద్దరికాన్ని నా పరువు కోసం దాచేశాడు. నాకు సిగ్గేసింది. వెనక్కి తిరిగాను.

"సీహింగ్," అని పిలిచాను, అందరికీ వినబడేలా.

వాడు ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ, "ఏటన్నయ్యా?" అన్నాడు.

ముసలాయనకు 'అన్నయ్యా' అనే ముక్క తెలుసు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నవ్వాపుకుంటూ నా చేతిలో గరుకు కాగితం పెట్టాడు. కళ్లు తుడుచుకుని, తమ్ముడు చూపించిన కుర్చీ కాలు పట్టుకుని రుద్దడం మొదలుపెట్టాను.