మధులత ఎక్కించిన సర్టిఫికెట్టు

మధులత మా మేడమీద గదిలో అద్దెకు దిగిన రోజు నుంచీ నాకు అనుమానమే. అన్నవరంలో పురోహితుడిగారి అమ్మాయి. అంత కంప్యూటర్ చదువూ చదివి ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణంలో వెబ్‌సైట్ చూసుకునే ఉద్యోగమేంటి? పైగా ల్యాప్‌టాప్‌లో ఏదో ఫైలుంది, అది దుకాణం యజమాని భీమరాజుగారికి కూడా చూపించదట.

"ఎందుకే అంత గుట్టు?" అని అడిగాను.

"అది సైటుకి తాళంచెవి లాంటిదండి. బయటపడితే ఎవరైనా మన వెబ్‌సైట్‌లాగే నటించొచ్చండి పిన్నిగారూ. కొనేవాళ్ల కార్డు నంబర్లు దారిలో ఎవరూ చదవకుండా సర్వర్‌లో ఎస్సెస్సెల్ సర్టిఫికెట్ ఎక్కిస్తున్నాను."

రెండు వేల ఎనిమిదో సంవత్సరం అది. హైదరాబాదులో ఉన్న సర్వర్‌లోకి ఇక్కణ్ణుంచి ఎక్కించడమేంటో! నేను నమ్మలేదు.

సర్టిఫికెట్టు పొద్దున వచ్చింది, మధ్యాహ్నానికి ఎక్కించింది. ఆమె ల్యాప్‌టాప్‌లో చిన్న తాళం బొమ్మతో పేజీ చక్కగా తెరుచుకుంది. దుకాణంలోని కంప్యూటర్‌లో మాత్రం ఈ సైటును నమ్మవద్దని హెచ్చరిక వచ్చింది. భీమరాజుగారు ఒక్క క్షణం ఆగలేదు. అన్నవరానికి ఫోన్ చేసి, మీ అమ్మాయి నకిలీ సర్టిఫికెట్టు పెట్టి నన్ను మోసం చేసిందని తండ్రికి చెప్పేశారు.

కేకలు వినిపించి పక్కనే ఉన్న దుకాణానికి నేనూ వెళ్లాను.

"నీ దాంట్లో ఒకటి, నా దాంట్లో ఒకటి చూపిస్తావా? నేనేమన్నా వెర్రోణ్ణా?"

మధులత కళ్లనిండా నీళ్లు. "నాన్నగారు ఫోనే ఎత్తడం లేదండీ."

"ఏడుపు తరవాత. ముందు ఆ హెచ్చరికలో ఏం రాసుందో చదువు," అన్నాను.

చదివింది. సర్టిఫికెట్టు ఇంకా అమల్లోకి రాలేదట.

"పొద్దున పుచ్చుకున్నదానికి ఇంకా రోజు రాకపోవడమేంటి? ఈ పెట్టె ఇవాళ ఏ రోజనుకుంటోంది?"

ఆమె కంప్యూటర్ మూలన చూసింది. పందొమ్మిది రోజుల కిందటి తేదీ ఉంది. నేను భీమరాజుగారి వైపు చూశాను. ఆయన గోడమీది క్యాలెండర్ వైపు చూశారు.

"మూఢం వచ్చేసింది కదండీ," అన్నారు మెల్లగా. "మొదటి బిల్లు మంచి రోజు మీద పడాలని నేనే వెనక్కి తిప్పానండి."

మధులత తేదీ సరిచేసింది. హెచ్చరిక పోయి పేజీ తెరుచుకుంది. ఆయన గబగబా ఓ పూతరేకుల పెట్టె తీసి ఆమె ముందు పెట్టారు. ఆమె దాన్ని పక్కకు జరిపి, ఫోను ఆయన ముందుకు తోసింది.

"ఇందాక చెప్పినంత గట్టిగా చెప్పండి."

ఆయన నంబరు నొక్కారు. ఈసారి పురోహితుడుగారు ఎత్తారు.

"ఆయ్, భీమరాజునండీ. మీ అమ్మాయి తప్పేం లేదండి. మూఢమని తేదీ నేనే మార్చేశానండి."

అవతల గొంతు నాకూ వినిపించింది. "దానికి మార్చడమెందుకండీ? అమ్మకాలకి మూఢం పట్టింపు లేదని నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా! అమ్మాయికివ్వండి."

మధులత ఫోను చెవికి ఆనించుకుని వీధి అరుగు మీదకు వెళ్లింది. నేనూ వెంటే వెళ్లబోతే వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేసుకుంది.