తమ్ముడి పాదం మీద గుంట

నా చిన్నప్పుడు మా తమ్ముడు లావెక్కాడని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో అమ్మ పొద్దస్తమానం బీడీలు చుట్టేది, రెండేళ్ల తమ్ముణ్ణి నేను చంకనేసుకుని తిరిగేదాన్ని. వాడి తిండి జొన్న గంజి, అంతే. అయినా బుగ్గలు నిండాయి, పాదాలు ఉబ్బి బూరెల్లా అయ్యాయి. ఆట మాత్రం మానేశాడు. అది మాకు పట్టలేదు. దిష్టి తగులుతుందని నాయనమ్మ వాడి అరికాలికి కాటుక చుక్క కూడా పెట్టింది.

ఒకరోజు మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ ఆ పాదం పట్టుకుని, బొటనవేలితో కాసేపు నొక్కి తీసింది. గుంట పడింది. పడిన గుంట పూడలేదు.

"ఇది కండ కాదవ్వా, నీరు. పిలగానికి తిండి సాల్తలేదు," అంది నాయనమ్మతో.

పల్లీలు, పుట్నాలు, బెల్లం దంచిన పిండిలో కాస్త నూనె కలిపి వాడి నోట్లో పెట్టింది. వాడు మెల్లగా మింగాడు. "జరం లేదు, తింటుండు. ఇంట్లనే బాగు చేసుకుందాం. తినుడు బందు చేసిండంటే దవాఖానకే," అంది. రోజూ వచ్చి దగ్గరుండి తినిపించేది. ముందు నా చేతిలో ఒక ముద్ద పెట్టేది. వాడి గిన్నెలో నేను చెయ్యి పెడతానని ఆమెకు ఎట్లా తెలిసిందో మరి.

పది పన్నెండు రోజులకు తమ్ముడు చిక్కిపోయాడు. బుగ్గలు జారాయి, పక్కటెముకలు తేలాయి. నాయనమ్మ మండిపడి పిండి డబ్బా అటక మీద పడేసింది.

"నీ పిండి తినే పోరడు గిట్లయిండు. వాన్ని సంపుతవా ఏంది?"

అమ్మ బీడీల చాట పక్కన పెట్టి ఏడ్చింది. తమ్ముడు మాకు దక్కడనే నేనూ అనుకున్నాను.

టీచరమ్మ నా బొటనవేలు పట్టుకుని వాడి పాదం మీద పెట్టింది. "నొక్కు బిడ్డా, మీ నాయనమ్మకు సూపెట్టు." గట్టిగా నొక్కి తీశాను. గుంట పడలేదు.

"మొన్నటిదాంక మీకు కనవడ్డది నీరు అవ్వా. గిప్పుడు కనవడేది మీ పోరడు. ఇగ కండ పడ్తది, తిననియ్యి."

నాయనమ్మ తనూ నొక్కి చూసింది. రెండో పాదం కూడా నొక్కింది. తర్వాత లేచి డబ్బా దించింది.

ఆ తమ్ముడికి ఇప్పుడు కామారెడ్డిలో కిరాణా కొట్టుంది, నిజమైన పొట్టే ఉంది. నేను మాత్రం ఏ పసిబిడ్డను ఎత్తుకున్నా ముందు పాదం నొక్కుతాను. మా కోడలు నవ్వుకుంటుంది. నవ్వుకోనీ. మొన్న పుట్టిన మనవరాలిని కూడా, గుంట పడలేదని చూసుకున్నాకే ముద్దు పెట్టుకున్నాను.