తెడ్డుకు చెవి పెట్టిన మనిషి

మా ఆయన నూకరాజు, వంటింట్లో కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసినా కుర్చీలోంచి లేవడు. ఒళ్లు బరువని తిట్టుకునేదాన్ని. సముద్రం అడుగున ఏముందో మాత్రం ఇట్టే చెప్పేవాడు.

ఆయన పుట్టింది సింగపూర్ దక్షిణాన ఒక చిన్న దీవిలో. పక్కింటి మలయ్ జాలరి ఆయనకో విద్య నేర్పాడు. పడవ ఆపి, తెడ్డు నీళ్లలో దించి, పిడికి చెవి ఆనించాలి. కింద పగడాలు బతికుంటే వాటి సందుల్లో రొయ్యలు పోపులో ఆవాల్లా చిటపటలాడతాయి. చచ్చిన చోట చప్పుడుండదు. ముప్పై ఏళ్లు మోటారు పడవ నడిపినప్పుడూ, దీవి ఖాళీ చేసి సింగపూర్ నగరంలో టాంపినీస్ ఫ్లాట్‌కి వచ్చాక కూడా ఆయన ఆ అలవాటు మానలేదు. నేను నవ్వేదాన్ని.

తొంభై ఎనిమిదిలో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చాలావరకు చచ్చాయి. అప్పటికే ఆయన పడవ మానేశాడు. రెండేళ్లకు ఆ దీవి దగ్గర, బతికున్న పగడాలు లేని చోట చూసి, పడవలు కట్టే గొలుసులు దించాలని అధికారులు అనుకున్నారు. ఎదురు బ్లాకులో ఉండే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఇమాద్, సెలవుల్లో డైవర్లతో కలిసి వాళ్ల కోసం పగడాల పటం గీసేవాడు.

"అంకుల్, బురదనీళ్లలో మా డైవర్లకేం కనబడలే. రేపే రిపోర్ట్ ఇవ్వాలె. జర మీరొచ్చి చూడుండ్రి," అని బతిమాలాడు.

అన్నం క్యారేజీ పట్టుకుని నేనూ పడవెక్కాను. ఆయన తెడ్డు దించి ఒక చెవి ఆనించాడు. తర్వాత రెండోది. ముఖం పాలిపోయింది.

"నేదే సూరీ. అంతా సచ్చిపోనాది," అని నాతో అని, అటు తిరిగి కూలబడ్డాడు.

పగడాలు లేవని రాయడానికి ఇమాద్ నోటుబుక్కు తీశాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ వెక్కిరించినదాన్నే, తెడ్డు లాక్కుని చెవి పెట్టాను.

అచ్చం నా పోపుగిన్నె. చిటపట, ఆగకుండా.

"మావా, ఇంత సప్పుడు నీకినబడనేదా?" అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు. కుక్కర్ విజిళ్లు గుర్తొచ్చాయి. ముప్పై ఏళ్లు ఇంజను పక్కన కూర్చున్న చెవులు. ఆయన అరచెయ్యి తెరిచి, నాకు వినబడుతున్నట్టే వేలితో టకటకా తట్టాను. కాసేపటికి అర్థమై, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

ఇమాద్ కూడా విని, నోటుబుక్కు మూసేసి, రిపోర్టుకు గడువు అడిగాడు. అమావాస్య వెళ్లిన రెండో రోజు ఆటుకు నీరు బాగా తీసినప్పుడు పగడాలు అందరికీ కనబడ్డాయి. గొలుసులు వేరే చోట దించారు.

ఇప్పుడు నెలకోసారి వెళ్తాం. పడవ ఎక్కడ ఆపాలో ఆయన చెబుతాడు. తెడ్డుకు చెవి నేను పెడతాను. ఆయన అరచెయ్యి చాచి కూర్చుంటాడు.