తలకిందుల నెమలి

ఆఫీసు నుంచి వచ్చి, రేపు కట్టుకోవాల్సిన కలంకారీ చీర ఇస్త్రీ చేస్తుంటే అద్దకానికి ముందు గుడ్డకి పట్టించే కరక్కాయ వాసన గుప్పుమంది. కలంకారీ అద్దే పెడన చుట్టుపక్కల పెరిగిన మన ఈడువాళ్లూ, గుర్తుందా ఆ వాసన? అద్దకం సరిగ్గా పడని ముక్కలు ఇంటికి తెచ్చుకునేవాళ్లం. కిటికీ కర్టెనూ, దిండు గలీబూ, నా గౌనూ అన్నీ ఒకే గుడ్డ.

ఓ క్రిస్మస్‌కి అమ్మ వీధిలోవాళ్లందరి బట్టలూ కుట్టి, అరిసెలు వండి, ఆఖరికి నా గౌను అందుకుంది. గుడ్డ చాలక అతుకు వేస్తే, వెనకవైపు అద్దకంలోని నెమలి తలకిందులైంది.

"కూర్చుంటే ఎవరికీ కనపడదులేవే," అంది.

చర్చిలో పాటకి అందరూ లేచి నిలబడ్డారు. నేను చాప మీద నుంచి కదల్లేదు. పాస్టరమ్మగారు వంగి, "ఒంట్లో బాలేదా అమ్మా?" అని అడిగారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో అమ్మ నా పక్కన కూలబడి, "నాకూ ఓపిక లేదండీ," అంది.

నా పరువు కాపాడడానికే అలా అన్నదని ఇన్నేళ్లూ మురిసిపోయాను. ఇవాళ చీర సగంలో వదిలేసి నేల మీద కూలబడ్డాక తెలిసింది. అమ్మకి ఆ రోజు నిజంగానే ఓపిక లేదు.