సరిత కట్టిన అంట్లు

ఏడేళ్ళుగా దీన్ని మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు. గుడిలో కళ్ళు మూసుకున్నప్పుడు దేవుడికి కూడా సగమే చెప్పాను, అదీ నాకు అనుకూలంగా మార్చి. నీకు చెప్తున్నానంటే నువ్వు మంచి మనిషివని కాదు. నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు. అందుకని. మధ్యలో ఓదార్చబోకు. నాకు ఓదార్పంటే అసహ్యం.

మెల్‌బోర్న్‌కి తూర్పున కొండల మీద ఒక నర్సరీలో పని నాది. యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చి, ఆ చదువుకు ఉద్యోగం దొరక్క, మొక్కలకు నీళ్ళు పెట్టే పనిలో చేరి, శాశ్వతంగా ఉండే పీఆర్ వీసా తెచ్చుకుని, అక్కడే ఉండిపోయాను. ఓనర్ మార్గరెట్ డెబ్బై దాటిన మనిషి. నోరు తెరిస్తే విరుపే. జపాన్ చెర్రీలకు అంటు కట్టడంలో మాత్రం ఆమె తర్వాతే ఎవరైనా. ఆ విద్య నేర్పమని చలికాలం వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని. "నాట్ యెట్" అనేది. నాలుగేళ్ళు అదే మాట.

అప్పుడు సరిత వచ్చింది. కరీంనగర్ పిల్ల. మార్గరెట్టే వీసాకు స్పాన్సర్ చేసి పెట్టుకుంది. వచ్చిన రోజే నన్ను అక్కా అంది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు? గట్టిగా నవ్వేది. అడక్కుండానే తన డబ్బాలో కూర సగం నాకు పెట్టేది. అది ప్రేమో, లోకువో తేల్చుకోకుండానే తినేదాన్ని, తిని మరీ తిట్టుకునేదాన్ని. మొదటి చలికాలమే మార్గరెట్ ఆమె చేతికి అంటు కత్తి ఇచ్చింది. "ఆ పిల్ల చేతులు చూడు" అని నాకే చెప్పింది. నీళ్ళ పైపు పట్టుకుని నిలబడి విన్నాను.

ఆ ఏడు ఆగస్టులో, అక్కడ చలికాలం చివర్లో, ఎలెన్ అనే పెద్దావిడ వచ్చింది. కొండ దిగువన ఆవిడ ఇంటి ముందు, కొమ్మలు నేలదాకా వాలే చెర్రీ ఒకటి ఉండేది. జపాన్ కొండల్లో ఎడో హిగాన్ అని ఒక అడవి చెర్రీ ఉంది. పూల కోసం మనుషులు తయారు చేసుకున్న రకాలు చాలావరకు ఒక మనిషి జీవితకాలంలోనే డీలా పడిపోతాయి. ఇది వందల ఏళ్ళు నిలుస్తుంది, వెయ్యేళ్ళు దాటినవీ ఉన్నాయంటారు. కొమ్మలు వాలేది అందులోంచి వచ్చిన తోట రకం. గింజ నాటితే ఆ వాలు వస్తుందన్న నమ్మకం లేదు. అదే చెట్టు కావాలంటే దాని కొమ్మ కోసి అంటు కట్టాల్సిందే. ఎలెన్ పెళ్ళయిన కొత్తలో భర్త నాటిన చెట్టు అది. ఆయన పోయాడు. ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు అన్నీ పడగొట్టి రెండిళ్ళు కట్టుకుంటారట. "నాకు ఒక్క మొక్క చాలు. కొత్త ఫ్లాట్ బాల్కనీలో కుండీలో పెట్టుకుంటాను" అంది ఆవిడ.

ఆ పని మార్గరెట్ సరితకే ఇచ్చింది. టేపు అందించడానికి నన్ను పక్కన నిలబెట్టింది. కాబట్టి నేను చూశాను. కొమ్మ మొన చెక్కడం, వేళ్ళున్న ఇంకో మొక్క కాండం చీల్చి అందులో దాన్ని దించడం, తొక్క కింది పచ్చపొర పచ్చపొరకు ఆనేలా సర్దడం, గాలి చొరకుండా టేపు చుట్టడం. డజను అంట్లు. ఒక్కదాంట్లో వంక లేదు. వంక కోసమే చూశాను కనక నాకు బాగా తెలుసు.

సెప్టెంబరులో మొగ్గలు విచ్చాయి, బియ్యపు గింజంత పచ్చగా. అదే వారంలో, కొండ దిగువన ఎలెన్ చెట్టు కొట్టేశారని కబురొచ్చింది. మళ్ళీ కోసుకోడానికి కొమ్మ లేదు. ఆ సంగతి నాకు తెలిసే చేశాను. తెలియక చేశానని నీతో అనబోయి ఆగాను, చూశావా, ఇప్పుడు కూడా.

ఆదివారం మధ్యాహ్నం. నీళ్ళ డ్యూటీ నాది, నర్సరీలో ఇంకెవరూ లేరు. అంట్లు పెట్టిన గాజు షెడ్డులోకి వెళ్ళి ఒక్కో అంటునూ రెండు వేళ్ళతో పట్టుకుని కొంచెం తిప్పాను. అంతే. టేపు చెదరలేదు. లోపల అతుకు జరిగిపోయింది. చివరిదాని దగ్గర చెయ్యి ఆగింది. జాలి అనుకోకు. ఎవరో వస్తున్నట్టు అనిపించింది. ఎవరూ రాలేదు. దాన్నీ తిప్పాను.

పది రోజులు తిరక్కుండానే అన్నీ ఎండాయి. మార్గరెట్ టేపు విప్పి చూసి, అతుకు కుదరలేదంది, అజాగ్రత్త అంది, ఇంకా చాలా అంది. సాయంత్రం కారు దగ్గర సరిత నన్ను పట్టుకుంది.

"అక్కా, నువ్వు పక్కనే ఉన్నవ్ కదా. నేను మంచిగనే కట్టిన కదా? మేడమ్‌కు ఒక్క మాట చెప్పరాదూ. ఈ జాబ్ పోతే వీసా పోతది."

"నేను సరిగ్గా చూళ్ళేదు సరితా."

"టేప్ ఇచ్చింది నువ్వే కదక్కా?"

"టేపు ఇచ్చాను. చూళ్ళేదు."

నన్ను అనుమానించలేదు. అదే భరించలేను. నా చెయ్యి పట్టుకుని, "నీకు గుర్తు లేదేమో, పోనీలే" అంది. నాకు సర్దిచెప్పి వెళ్ళింది. ఆ క్షణాన కూడా నాకు కలిగింది సిగ్గు కాదు, చిరాకు.

ఎలెన్ వచ్చినప్పుడు కౌంటర్‌లో నేనే ఉన్నాను. సంగతి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ కొండ ఎక్కలేదు.

నెలాఖరుకి సరితను తీసేశారు. షెపర్టన్ వైపు పండ్ల తోటల్లో కొన్నాళ్ళు చేసిందనీ, ఇంకో స్పాన్సర్ దొరక్క ఇండియా వెళ్ళిపోయిందనీ ఎవరో అన్నారు. వెతికితే దొరుకుతుంది. వెతకలేదు. మరుసటి చలికాలం కత్తి నా చేతికొచ్చింది. బాగానే నేర్చుకున్నాను. మార్గరెట్ రిటైరైంది, ఇప్పుడు షెడ్డంతా నాదే. పూల రోజుల్లో సిటీ నుంచి మనవాళ్ళు చీరలు కట్టుకుని ఫొటోలకు వస్తారు. ఈ చెట్టు మీ మనవల మనవలు చూస్తారని చెప్పి అమ్ముతాను. గొంతు వణకదు.

పశ్చాత్తాపమా ఇది? ఏమో. నిజం చెప్పాలంటే సరిత నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ పళ్ళు కొరకాలనిపిస్తుంది. చేసిన తప్పు మనిషిని మంచిదాన్ని చేస్తుందంటారు, నన్ను చెయ్యలేదు. ఒకవేళ ఆ పిల్ల నన్ను ద్వేషించి ఉంటే, నేను ఎప్పుడో చెప్పేసేదాన్నా? లేక అదీ ఇంకో సాకేనా?

క్షమించమని నిన్ను అడగడం లేదు. క్షమించడానికి నువ్వెవరు? చెప్పాల్సింది ఇంతే. ఆ పిల్ల అంట్లు సరిగ్గానే కట్టింది. చంపింది నేను. మార్గరెట్‌తో అనలేని మాట, కారు దగ్గర అనలేని మాట, ఇప్పుడు అన్నాను. ఛాతీలో ఏదో కాస్త వదులైనట్టుంది. అది కూడా నాకు దక్కకూడనిదే. అయినా వదులైంది.