ఎర్రదారం కట్ట

ఊరంతా ఆకులక్క అని పిలిచే ఆమె ఏ మొక్కనూ పూవు చూసి నమ్మదు. ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి, కళ్లు మూసుకుని వాసన చూశాకే పేరు చెబుతుంది. ఉమ్మెత్త దగ్గర మరీ జాగ్రత్త. వెచ్చచేసి మోకాలికి కడితే మందు, కడుపులోకి పోతే విషం. అందుకే పైన కట్టుకునే ఆకుల కట్టలకు ఎర్రదారం, కాచి తాగేవాటికి తెల్లదారం. వెనకగదిలో కట్టలు కట్టడం ఆమె పని, ముందుగదిలో అమ్మడం చెల్లెలి పని. "ఎర్రదారం చూస్తే జనం పామును చూసినట్టు జడుసుకుంటున్నారే అక్కా, ఒక్క కట్టా అమ్ముడుపోదు" అని చెల్లెలు సణిగేది. "జడుసుకోవాలనే కట్టాను" అనేది ఆమె.

ఒకరోజు దర్జీ తెల్లదారం కట్ట తెచ్చి బల్లమీద విసిరాడు. "ఇది కాచి తాగి మా ఆవిడ రెండు రోజులు నన్నే గుర్తుపట్టలేదు. ఆస్పత్రివాళ్లు బతికించారు. ఎవరు కట్టారిది?" ఆకులక్క నోరు తెరిచేలోపే చెల్లెలు అందుకుంది: "అక్కకి ఈమధ్య చూపు ఆనడం లేదండీ. ఇకనుంచి నేనే కడతాను లెండి." ఆకులక్క కట్ట చేతిలోకి తీసుకుంది. నలపక్కర్లేదు, ఉమ్మెత్తే. వేళ్లు ముడి దగ్గర ఆగిపోయాయి. తాను ఎప్పుడూ ఒక్క మెలికే వేస్తుంది. ఇది రెండు మెలికలు వేసి కొస లోపలికి దోపిన ముడి. చిన్నప్పుడు చెల్లెలికి జడ వేస్తూ, రిబ్బను జారకుండా తానే నేర్పిన ముడి. "నిజమేనా అమ్మా?" అన్నాడు దర్జీ. ఆమె ముడిని బొటనవేలి కింద దాచి, "అవును నాయనా, నాకు ఆనడం లేదు" అంది. అతను వెళ్లాక ఎర్రదారం ఉండ తెచ్చి, ముఖం చూడకుండా చెల్లెలి చేతిలో పెట్టింది.